ఆకలి తీరితే చాలునా?

(శతవార్షికోత్సవ సభలలో సంఘ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలలో మన డయాసిస్ నూరేండ్ల చరిత్రను పెద్దలు వివరించారు. దేవాలయములు, పాఠశాలలు, ఆసుపత్రులు ఎట్లా లేచినవో విన్నాము. నాకు అప్పగించిన అంశము బీదల ఆహారము. ఇది చిన్న విషయమని కొందరు అనుకోవచ్చు. కాని మన సంఘములలో అత్యధికులు ఎక్కడినుండి వచ్చారో జ్ఞాపకము చేసుకొంటే ఇది మన యింటి విషయమేనని తెలుస్తుంది. మన తాతముత్తాతలలో ఎక్కువమంది మాలవాడల నుండి, మాదిగవాడల నుండి వచ్చినవారు. పరుల పొలములో చెమటోడ్చి, కూలిగా కొలిచిన గింజలతో బ్రతికినవారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ మహాదేవాలయమునే చూడండి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు దానిని కట్టిస్తుండగా, కరవు కాలమున బీదలకు అక్కడ పని దొరికింది, పనికి తిండి దొరికింది. ఆనాటి ప్రశ్న ఒక్కటే: ఈ పూట కడుపు నిండునా, నిండదా?

ఆ ప్రశ్నకు నేడు చాలవరకు జవాబు దొరికింది. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ప్రారంభించింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చి చౌకబియ్యము బీదవాని హక్కు అయింది. 2023 జనవరి నుండి ఆ చట్టము క్రింద ఇచ్చే ధాన్యము ఉచితము. తెలంగాణలో 2025 ఉగాది నుండి సన్నబియ్యమే ఇస్తున్నారు. దీనిని తక్కువ చేసి మాట్లాడేవారు ఆకలి ఎరుగనివారు. పండుగనాడు మాత్రమే వరి అన్నము చూచిన ఇండ్లు మన సంఘములలో ఎన్నో ఉండేవి.

అయితే కడుపు నిండిన యింట రక్తము నిండినదా అని అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా. ఐదేండ్లలోపు పిల్లలలో తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రలో 63 మంది. బియ్యము బస్తా యింట ఉండగానే ఈ స్థితి!

కారణము వెదకడానికి దూరము పోనక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు చూడండి. నూరు గ్రాముల తెల్లబియ్యములో కాల్షియము ఎనిమిది మిల్లీగ్రాములైనా లేదు. అదే నూరు గ్రాముల రాగులలో, అంటే మన తైదలలో, 360 మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. ఇనుము బియ్యములో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. తైదలలో నాలుగున్నర, సజ్జలలో ఆరు మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. బియ్యము ఎంత సన్నమైనా ఈ లోటు తీరదు. ఉన్నవారింట ఆ లోటును పప్పు, పాలు, గ్రుడ్డు, కూరగాయలు తీరుస్తాయి. లేనివారింట అన్నములోనికి కారము, పచ్చిపులుసు తప్ప మరేమి ఉంటుంది?

పూర్వము తిన్న జొన్నగటక, అంబలి, రొట్టెలకు తిరిగిపోతే చాలునా? అట్లా అనడము కూడ సత్యము కాదు. ఒకప్పుడు ఈ దక్కను నేలమీద కేవలము జొన్న తిని బ్రతికిన కూలీలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొలుసులుగా లేచేది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థమునకు ఈ జబ్బుతో సంబంధమున్నదని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య గార్లు 1960లో ప్రకటించారు. కాబట్టి దోషము వరిదీ కాదు, జొన్నదీ కాదు. ఒక్క గింజనే నమ్ముకొని బ్రతకవలసి రావడమే బీదవాని కీడు. పళ్లెములో నాలుగు రకములు ఉండాలి. ఆ నాలుగు రకములను కొనే డబ్బైనా, పండించే నేలయైనా అతనికి ఉండాలి.

ఇది సాధ్యమా అని అడిగేవారికి పూర్వపు మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతమును చూపుతాను. అక్కడ పస్తాపూర్ కేంద్రముగా 1983లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. దానికి చిరకాలము నాయకత్వము వహించిన పి.వి. సతీష్ గారు 2023లో కన్నుమూశారు. ఆ పనికి వెన్నెముక మాత్రము పల్లెల్లోని స్త్రీల సంఘములే. ఆ సభ్యులలో అత్యధికులు దళిత స్త్రీలు, ఎకరమో రెండెకరాలో చెలక ఉన్నవారు. రాళ్లు తేలిన ఆ నేలను దున్నించడానికి ఎడ్లు లేవు, ఎరువు లేదు. పండించడము కంటె డిపోలో బియ్యము కొనడము చౌక. అందుచేత చేనుగలవారే చేను బీడు పెట్టి ఒకరి పొలములో కూలికి పోయేవారు. దూరపు జిల్లాల బియ్యము వారి కడుపు నింపింది గాని వారి నేల బీడుగానే ఉండిపోయింది.

1990వ దశకము నడుమ ఆ సంఘములు ప్రభుత్వపు ఆర్థిక సహాయముతో మరొక దారి తొక్కాయి. సుమారు 30 గ్రామాల్లో, 2,500 ఎకరాలకు పైగా బీడును దున్నించి ఎరువు తోలి జొన్న వేశారు. తీసుకొన్న అప్పును రైతు డబ్బుగా కాక గింజలుగా ఊరి కొట్టునకు కొలిచాడు. వానకాలములో, పనులు లేక గింజలు నిండుకొనే దినాలలో, ఆ జొన్నలను ఊరి బీదలకు చౌకగా ఇచ్చారు. ఎవరు బీదలో ఏ ఆఫీసరూ నిర్ణయించలేదు. ఊరివారందరు ఒకచోట కూర్చుండి తేల్చుకొన్నారు. ఎంత బీదవారైతే అంత ఎక్కువ గింజలు. రేషన్ దుకాణము వంటిదే, కాని గింజ ఊరిది, నేల ఊరిది, కొలమానిక పట్టిన చెయ్యి దళిత స్త్రీది!

ఆ స్త్రీల చేను చూస్తే మరొక సంగతి తెలుస్తుంది. ఒకే చేనులో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుము, బొబ్బర, నువ్వు కలిసి పెరుగుతాయి. వాన తప్పి ఒకటి పోతే మరొకటి నిలుస్తుంది. గింజతోపాటు పప్పు, పప్పుతోపాటు నూనె యింటికి వస్తాయి. విత్తనము కొనరు; బూడిద, వేపాకు కలిపి గుమ్ములలో దాచుకొంటారు. లేనివారు ఉన్నవారిని అడిగి తీసుకొని, పంట వచ్చాక అంతకంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. ప్రతి ఏటా సంక్రాంతి దినాలలో ఆ విత్తనములను ఎడ్లబండ్లపై అలంకరించి పాత పంటల జాతర చేస్తూ ఊరూరా తిరుగుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమానము ఈ సొసైటీకి లభించింది.

ఎవరూ విత్తకుండానే ఆ చేలలో మొలిచే కూరలను గూర్చి కూడ చెప్పాలి. గునుగు, తుమ్మికూర, ఎలుకచెవుల కూర, పొనగంటి, గంగవాయిలి కూర మన తల్లులకు తెలియనివి కావు. సెంటు భూమి లేని స్త్రీయైనా పరుల చేనులోనికి పోయి వాటిని కోసుకొనవచ్చును, ఎవరూ కాదనరు. బోయజు పొలములో పరిగె ఏరుకొన్న రూతు కథను ప్రతి ఏటా బోధించే మనకు ఈ ఆచారపు విలువ వేరే చెప్పనక్కరలేదు. కాని ఒక్క పత్తియే వేసి కలుపుమందు కొట్టిన చేనులో ఆ కూర మొలవదు. అక్కడ చచ్చేది కలుపు మాత్రమే కాదు, బీదరాలి కూరకుండ కూడ.

ఇక మన సంగతి. జొన్నరొట్టె, తైద అంబలి అంటే మాలమాదిగల తిండి అని ఒకప్పుడు నవ్వారు. ఆ నవ్వు మన మనస్సులలోనికి కూడ దిగింది. బంధువులు వస్తే రొట్టె దాచి అన్నము పెట్టడము మర్యాద అయింది. ఇప్పుడేమో పట్టణములో కొర్రలు, సామలు అందమైన సంచులలో బియ్యము కంటె ఎక్కువ ధరకు అమ్ముడుపోతున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరముగా ప్రకటించింది కూడ. మనము సిగ్గుపడి విడిచినది ధనికుల బల్లమీదికి చేరింది. దానిని తిరిగి కొనే శక్తి మనవారికి లేదు. ఇది మార్చవలసిన విషయమని నా మనవి.

ఏమి చేయగలము? నాలుగు పనులు మీ ముందుంచుతున్నాను. మొదటిది, సంఘముల ఆధీనములో ఊరికే పడియున్న నేలను, భూమిలేని మన కుటుంబములకు, అందులోను స్త్రీలకు, కౌలు లేకుండా కలిపిపంటలకు ఇవ్వాలి. రెండవది, కోత పండుగకు ప్రథమ ఫలములుగా వడ్లు, కొబ్బరికాయలతోపాటు జొన్న, కొర్ర, కంది విత్తనములు తేవాలి. వాటిని వేలము వేయక, విత్తనము లేనివారికి పంచాలి. మూడవది, మన హాస్టళ్లలో వారమునకు రెండు మూడు పూటలైనా రొట్టె, తైద జావ, ఆకుకూర పప్పు వండాలి. ప్రేమవిందులో కూడ వాటికి చోటివ్వాలి. పెద్దల విస్తరిలో ఉన్నదానిని పిల్లవాడు చిన్నచూపు చూడడు. నాలుగవది స్త్రీల మైత్రివారికి. వంటకు ముందు మీరు తీసిపెట్టే పిడికెడు బియ్యము మన సంఘములను పోషించింది. దానితోపాటు పిడికెడు పప్పు తీసిపెట్టి, గర్భిణియో బాలింతయో ఉన్న బీద యింటికి చేర్చండి. ఆమె అంగన్‌వాడీకి పోతున్నదా, గ్రుడ్డు, పాలు ఆమెకు అందుతున్నాయా అని కూడ కనుగొనండి.

ఇవి గొప్ప పథకములు కావు, డబ్బుతో పనిలేనివి. అయినా తేలికైనవి కూడ కావు. మొదటిదాని విషయమై ప్రతి పాస్టరేటు కమిటీలోను వాదన వస్తుందని నాకు తెలుసు, రానివ్వండి. అనుదినాహారము కొరకు మనము ప్రార్థించేటప్పుడు "నాకు" అని అడగము, "మాకు" అని అడుగుతాము. ఆ మాటలో మన సంఘములోని బీద కూలితల్లి, రక్తము చాలని ఆమె బిడ్డ ఉన్నారు. వచ్చే కోత పండుగకు ఏ గింజలు తెస్తారో ఈ దినమే యింటికి పోయి ఆలోచించండి.