బుడగలు లెక్కిద్దాం

ఈనాటి పాఠంలో కిరణజన్య సంయోగక్రియ వేగాన్ని కొలిచే ప్రయోగం తెలుసుకుందాం.

కోల్‌కతాలో 1917లో బోస్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన జగదీశ్ చంద్ర బోస్, హైడ్రిల్లా విడిచే ఆక్సిజన్ బుడగలను తనంతట తానే నమోదు చేసే పరికరం తయారుచేశారు. ఆ పరిశోధనలు 1924లో పుస్తకంగా వెలువడ్డాయి. మీకు మాత్రం హైడ్రిల్లా, బీకరు, బల్బు, గడియారం చాలు.

కొమ్మను కోసి, కోసిన కొన పైకి ఉండేలా నీటిలో ముంచండి. కార్బన్ డయాక్సైడ్ అందడానికి చిటికెడు వంటసోడా కలపండి. బల్బును 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, 5 నిమిషాలు ఆగి, నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో మూడుసార్లు లెక్కించి సగటు తీయండి. తరువాత 20 సెంటీమీటర్ల దూరంలో అలాగే చేయండి.

దూరం రెట్టింపైతే మొక్కపై పడే బల్బు కాంతి నాలుగో వంతవుతుంది. బుడగలు కూడా నాలుగో వంతవుతాయా? చాలాసార్లు కావు. గది వెలుతురు తోడై ఉండవచ్చు. దగ్గరగా ఉన్నప్పుడు నీరు వేడెక్కి ఉండవచ్చు. కాంతి చాలినంత ఉన్నా కార్బన్ డయాక్సైడ్ చాలకపోయి ఉండవచ్చు.

అప్పుడు పాత రికార్డులోని అంకెలు ఎక్కించకండి. విద్యార్థిగా నేనూ ఒకసారి ఆ పని చేశాను. మార్కులు వచ్చాయి, ప్రయోగం రాలేదు. మీకు వచ్చిన అంకెనే రాసి, దాని కింద కారణం రాయండి.