అల్యూమినియం రేకు



ఇవాళ భౌతికశాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న మీకు సమీకరణాలు నేను చెప్పక్కర్లేదు. ఒక రేకు సంగతి చెబుతాను.

1934లో రోమ్‌లో ఫెర్మీ బృందం మూలకాల మీదికి వరసగా న్యూట్రాన్లు వదులుతూ యురేనియం దాకా వచ్చింది. న్యూట్రాన్ తగిలాక కొత్తగా ఆల్ఫా కణాలేమైనా వస్తాయా అని చూడాలి. చిక్కేమిటంటే, ఎవరూ ముట్టుకోకపోయినా యురేనియం ఆల్ఫా కణాలను వదులుతూనే ఉంటుంది. ఆ రొద ఆపడానికి నమూనా మీద అల్యూమినియం రేకు కప్పారు. మంచి పద్ధతే, మీ గైడుగారైనా మెచ్చుకునేవారు. కానీ కేంద్రకం రెండుగా చీలితే వచ్చే ముక్కలు ఆ ఆల్ఫా కణాలంత దూరం కూడా పోలేవు. అవీ రేకులోనే ఆగిపోయాయి. విచ్ఛిత్తి వాళ్ల బల్ల మీదే జరిగింది, ఎవరికీ కనబడలేదు.

1938 డిసెంబరులో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ న్యూట్రాన్లు తగిలిన యురేనియంలో రసాయన పద్ధతిలో బేరియాన్ని పట్టుకున్నారు. దాని అర్థం కేంద్రకం రెండుగా చీలిందని మైట్నర్, ఫ్రిష్ చెప్పారు. తర్వాతి నెలలో కోపెన్‌హేగన్‌లో ఫ్రిష్ చేసిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. ఆయన ఆల్ఫా కణాలను అడ్డుకోలేదు. అన్నిటినీ అయొనైజేషన్ చాంబర్‌లోకి రానిచ్చి, చిన్న పల్సులు మాత్రం లెక్కకు రాకుండా ఆంప్లిఫైయర్ దగ్గర హద్దు పెట్టారు. ఆల్ఫా కణం శక్తి 4 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు, చీలిన రెండు ముక్కలదీ కలిపితే 160కి పైమాటే. పెద్ద పల్సులు వాటంతటవే బయటపడ్డాయి. మన పాఠ్యపుస్తకాలు ఈ హద్దుకు ఒక్క వాక్యం కూడా ఇవ్వకపోవడం నాకు మింగుడుపడదు. రేపు మీరు డిటెక్టర్ ముందు ఏదైనా అడ్డం పెడితే, దాంతోపాటు ఇంకేం ఆగిపోతుందో రికార్డు పుస్తకంలో రాసుకోండి.

అలాగని రేకును తిట్టనక్కర్లేదు. 1939లో బర్క్‌లీలో మెక్‌మిలన్ విచ్ఛిత్తి ముక్కలు ఎంత దూరం పోతాయో కొలవడానికి పల్చటి యురేనియం పొర పక్కన అల్యూమినియం రేకులే పేర్చారు. ముక్కలు ఎగిరివెళ్లి వాటిలో దిగబడ్డాయి. యురేనియం పొరలో మాత్రం రెండు రేడియోధార్మికతలు మిగిలాయి: ఒకదాని అర్ధాయువు 23 నిమిషాలు, రెండోదానిది రెండు రోజుల పైచిలుకు. న్యూట్రాన్‌ను మింగి గామా కిరణం వదిలిన కేంద్రకానికి ఎగిరిపోయేంత ఊపు రాదు, ఉన్నచోటే ఉంటుంది. మొదటిది అలా పుట్టిన యురేనియం-239. అది క్షయించి మారినదే రెండోది, 93వ మూలకం, నెప్ట్యూనియం. 1940లో ఆబెల్సన్‌తో కలిసి మెక్‌మిలన్ ఈ సంగతి తేల్చారు. 1934లో రోమ్‌లో ఫెర్మీ బృందం తమకు దొరికిందనుకున్నది కూడా 93వ మూలకమే.