వాటాల వెల – పదేండ్ల సగటు



మాగాణి కొనదలచిన పెద్దమనుష్యుడు గట్టుమీద నిలిచి, ఆ యేటి పంటను మాత్రమే చూచి ధర చెప్పడు. నీరు ఏ కాలువనుండి వచ్చును, ఎన్ని యేండ్ల కొకమారు చేను మునుగును, ఎన్ని యేండ్ల కొకమారు ఎండును, మంచియేడు ఎన్ని బస్తాలు, చెడ్డయేడు ఎన్ని బస్తాలు అని విచారించును. అన్నిటిని మనసులో కలిపి, సగటున ఏమి మిగులునో తేల్చుకొని, అటుపిమ్మట బేరమునకు దిగును. ఇది మీకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అయితే కంపెనీల వాటాలు కొనునపుడు మాత్రము మనవారు ఈ విద్యను మరచుచున్నారు. నేడు నేను మనవి చేయదలచిన విషయ మిదియే.

ఇది గ్రామములకు సంబంధింపని సంగతి యని తలపకుడు. ఒకప్పుడు వాటాల వ్యాపారము బొంబాయి, కలకత్తా, మద్రాసు వంటి నగరములలోని దళారులకే పరిమితమై యుండెను. ఇప్పుడు ఇంటి అరుగుమీద కూర్చుండియే చేతిలోని ఫోనుతో వాటాలు కొనవచ్చును. పొలము అమ్మిన సొమ్మో, ఉద్యోగవిరమణనాడు వచ్చిన సొమ్మో, పిల్ల పెండ్లికై దాచిన సొమ్మో వాటాలలో పెట్టుదమని కుమారుడు వచ్చి తండ్రి నడుగుచున్నాడు. "నాన్నగారూ, ఈ వాటా చాల చౌకగా నున్నది, లాభమునకు పదిరెట్ల ధరకే దొరకుచున్నది" అని యతడు చెప్పును. ఆ మాట కర్థమేమో, అందు ఏ మోసము దాగియుండగలదో తండ్రి తెలిసికొనుట అవసరము.

కంపెనీ మూలధనము సమానమైన వాటాలుగా విభజింపబడి యుండును. ఏడాదిలో ఖర్చులు, వడ్డీలు, పన్నులు పోగా మిగిలిన లాభమును వాటాల సంఖ్యచే భాగించినచో ఒక్కొక్క వాటాకు వచ్చు లాభము తేలును. బజారులో ఆ వాటా పలుకు ధరను ఈ లాభముచే భాగించినచో, ధర లాభమునకు ఎన్ని రెట్లో తెలియును. ధర 300 రూపాయలు, లాభము 30 రూపాయలు అయినచో పదిరెట్లు. అనగా నూరు రూపాయలు పెట్టినవానికి ఏటికి పది రూపాయల లాభము. ఆ లాభమంతయు చేతికి రాదు. కొంత లాభాంశముగా పంచుదురు, కొంత వ్యాపారమునందే యుంచుదురు. రెట్లు తగ్గినకొలది వాటా చౌక, పెరిగినకొలది ప్రియము. ఇంతవరకు లెక్క సరియైనదే. చిక్కంతయు లాభమను ఆ యొక్క యంకెలో నున్నది. అది ఏ యేటి లాభము?

సిమెంటు, చక్కెర, ఉక్కు మొదలగు సరుకులు చేయు కంపెనీల లాభములు మెట్టపంటలవలె ఒక యేడు పొంగును, ఒక యేడు కుంగును. ధర బాగున్న యేడు లాభము కుప్పలుగా వచ్చును. దానిని చూచి ప్రతివాడును క్రొత్త కర్మాగారము కట్టును. కొన్ని యేండ్లకు సరుకు ఎక్కువై ధర పడిపోవును, లాభము సన్నగిల్లును. మిరప ధర పెరిగిన యేటి తరువాత ఊరంతయు మిరపయే వేసి, ఆపై కల్లములోని గుట్టలను చూచి దిగులుపడుట మనము ఎరుగనిదా?

ఒక లెక్క చెప్పెదను, చిత్తగింపుడు. ఒక కంపెనీ వాటాకు మొదటి అయిదేండ్లు ఏటికి 6 రూపాయల చొప్పునను, తరువాతి నాలుగేండ్లు 8 రూపాయల చొప్పునను, పదవ యేట మాత్రము 30 రూపాయలును లాభము వచ్చిన దనుకొందము. వాటా ధర 300 రూపాయలు. కడపటి యేటి లాభమును మాత్రమే పట్టుకొన్నవానికి ఇది పదిరెట్లు, మిక్కిలి చౌక. పదేండ్ల లాభములను కలిపినచో 92 రూపాయలు. సగటు 9 రూపాయల 20 పైసలు. ఆ లెక్కను ధర ముప్పదిరెండు రెట్లకు మించినది. ఒకే వాటా, ఒకే దినము, ఒకే ధర. ఒక లెక్కను చౌక, మరియొక లెక్కను ప్రియము.

ఈ రెండవ లెక్కయును పూర్తిగా న్యాయమైనది కాదు. తొమ్మిదేండ్లక్రిందటి రూపాయియు నేటి రూపాయియు ఒక్కటి కావు గదా. కేంద్రప్రభుత్వము సాధారణరకపు వడ్లకు క్వింటాలు కింత యని నిర్ణయించిన కనీస మద్దతు ధర 2014–15లో 1360 రూపాయలు; 2024–25లో 2300 రూపాయలు. నాడు వేయి రూపాయలకు వచ్చిన వడ్లు తరువాత వేయి రూపాయలకు రావు. కావున పాత లాభములను నేటి రూపాయలలోనికి మార్చి పిమ్మట కలుపవలెను. మన యుదాహరణమున మొదటి అయిదేండ్లలో ధరలు సగటున నేటి ధరలలో నూటికి 60 వంతులుగాను, తరువాతి నాలుగేండ్లలో 80 వంతులుగాను ఉండెననుకొందము. అప్పుడు నాటి 6 రూపాయలు నేటి 10 రూపాయలకు సమానము. 8 రూపాయలును 10 రూపాయలకు సమానము. అయిదు పదులు, నాలుగు పదులు, ముప్పది కలిసి 120. సగటు 12 రూపాయలు. ధర ఇరువదియైదు రెట్లు. ఇదియే న్యాయమైన లెక్క. నూటికి పది రూపాయల లాభమనుకొన్నది నూటికి నాలుగు రూపాయలుగా తేలినది.

ఒక్క యేటి యంకెను నమ్మరాదను సంగతి మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు రాజధానిలో రైత్వారీ బందోబస్తు చేయునపుడు, పంటను రూపాయలుగా మార్చుటకు దొరతనమువారు ఒక్క యేటి ధరను తీసికొనలేదు. ఇరువదియేండ్ల ధరల సగటు కట్టిరి. కరవునాటి ధరలు అసాధారణముగ హెచ్చియుండును గనుక ఆ యేండ్లను విడిచిరి. శిస్తు న్యాయమా కాదా యనునది వేరు వివాదము. ఒక్క యేడు ప్రమాణము కాదని మాత్రము ఆ లెక్క వ్రాసినవారెరిగియుండిరి.

వాటాల విషయమున ఈ పద్ధతిని గట్టిగా బోధించినవారు అమెరికా దేశమున కొలంబియా విశ్వవిద్యాలయపు బోధకులు బెంజమిన్ గ్రాహామ్, డేవిడ్ డాడ్ అనువారు. అక్కడి ప్రసిద్ధమైన డౌ జోన్స్ వాటాల సూచిక 1929 సెప్టెంబరులో 381 ఉండి, 1932 జులైలో 41కి పడిపోయెను. ఆ పతనములో గ్రాహామ్ స్వయముగా మిక్కిలి నష్టపోయిన వాడు. వా రిరువురును 1934లో ప్రకటించిన గ్రంథములో, లాభమును కనీసము అయిదేండ్లకు, వీలైనచో ఏడు లేక పదేండ్లకు సగటు కట్టవలెనని చెప్పిరి. అటుపిమ్మట 1988లో జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ అను ఆచార్యులు, 1871 నాటినుండి గల అంకెలను సేకరించి, పాత లాభములను ధరల పెరుగుదలకు తగినట్లు సవరించి, దీర్ఘకాలపు సగటుతో వాటాల ధరలను పోల్చి చూపిరి. షిల్లరుగారికి 2013లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము మరి యిద్దరితో కలిసి లభించినది. బందోబస్తు లెక్కకును దీనికిని ఒక భేదము కలదు. ఇందులో చెడ్డ యేండ్లను విడువరు. ఏలయనగా చెడ్డ యేడును వ్యాపారములో భాగమే. దానిని కొట్టివేసినవాడు తన్ను తాను మోసగించుకొనుచున్నాడు.

ఈ కొలత యెంత పనికివచ్చునో 2009 మార్చి నెల చూపినది. అంతకు ముందటి యేడు అమెరికాలో గొప్ప బ్యాంకులు కూలినవి. అయిదువందల పెద్ద కంపెనీలను కలిపి లెక్కించు సూచిక, 2007 అక్టోబరులో 1565 ఉన్నది, 2009 మార్చి 9వ తేదీన 676కు దిగెను. లాభములు అంతకంటె ఎక్కువగా పడెను. 2007 నడుమ ఆ సూచికకు ఏడాది లాభము 84 డాలర్లకు పైగా నుండగా, 2009 మార్చితో ముగిసిన ఏడాదిలో 7 డాలర్లకంటె తక్కువయ్యెను. కావున ఆ యేటి లాభముతో లెక్కించినవానికి వాటాలు దాదాపు నూరురెట్లు ప్రియముగా కనబడెను. పదేండ్ల సవరించిన సగటుతో లెక్కించినవానికి పదుమూడు రెట్లు మాత్రమే. శతాబ్దము పైబడిన కాలములో ఈ కొలత సగటున పదునారు పదునేడు రెట్లుండగా, అది చౌక యని తేలినది. నాలుగేండ్లకు, 2013 మార్చిలో, సూచిక తన పాత శిఖరమును దాటెను. వరదయేడు పొలము ధర యడిగినవానివలె, మొదటివాడు ఇసుక మేటను చూచి వెనుదిరిగెను. రెండవవాడు మట్టిని చూచెను.

దీనికి తలక్రిందైన సంగతియు కలదు. 1929 సెప్టెంబరులో ఈ కొలత ముప్పదిరెండు రెట్లను దాటి యుండెను. 1999 డిసెంబరులో నలువదినాలుగు రెట్లు ఉండెను. రెండుమారులును తరువాత వచ్చినది పతనమే.

అయితే ఈ కొలతను పంచాంగమని భ్రమింపరాదు. 1996 డిసెంబరులో షిల్లరు, క్యాంప్‌బెల్ గారలు అమెరికా కేంద్రబ్యాంకు అధికారులయెదుట వాటాలు మిక్కిలి ప్రియముగా నున్నవని మనవి చేసిరి. అప్పుడు కొలత ఇరువదియెనిమిది రెట్లు. సూచిక సుమారు 745. అటుతరువాత మూడేండ్లకు పైగా ధరలు పెరుగుచునే యుండి, 2000 మార్చిలో సూచిక 1527 చేరెను. 1996లో అమ్మివేసినవాడు ఇరుగుపొరుగువారి లాభములను చూచుచు కూర్చుండవలసి వచ్చెను. 2002లో ధరలు పడినను 1996 నాటి మట్టమునకు దిగలేదు. 2009 మొదటి నెలలలో మాత్రమే అంతకంటె క్రిందికి వచ్చినవి. కావున ఈ లెక్క రానున్న పదేండ్లలో ప్రతిఫలము హెచ్చుగానుండునా, కొద్దిగానుండునా యని సూచించును; వచ్చు సంవత్సరము ఏమగునో చెప్పదు. నేల సారమును చెప్పును. వాన యెన్నడు వచ్చునో చెప్పదు.

మరికొన్ని ఆక్షేపణలును కలవు. అమెరికాలో 2001లో లెక్కలు వ్రాయు నియమములు మారినవనియు, కొన్ని నష్టములను పూర్వముకంటె ఎక్కువగా చూపవలసి వచ్చుటచే సగటు లాభము తగ్గి కనబడుననియు జెరెమీ సీగెల్ అను ఆచార్యుడు వాదించెను. ఈ వాదమున బలము లేకపోలేదు. వడ్డీరేటు తక్కువగా నున్న కాలమున జనులు వాటాలకు ఎక్కువ ధర యిచ్చుటకు సిద్ధపడుదురనుటయు నిజమే. ఇంకొకటి: అమెరికా సగటునకు పదునేడు రెట్లు కొలమానమైనంత మాత్రమున, మన దేశములోని ప్రతి కంపెనీకిని అదియే కొలమానమని చెప్పరాదు. త్వరగా పెరుగు వ్యాపారమునకు కొంత హెచ్చు ధర న్యాయమే. ఎంత హెచ్చు అను ప్రశ్న వేయుటకైనను ముందు సగటు తెలిసియుండవలెను.

కావున కుమారుడు వచ్చి వాటా చౌక యని చెప్పినపుడు, వద్దని గద్దింపవలదు. సరే యని సంతకము పెట్టవలదు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలు వేయుడు.

మొదటిది: పదేండ్ల లాభముల పట్టిక యేది? కంపెనీలు ప్రతియేటను ప్రకటించు వార్షిక నివేదికలలో వాటా కెంత లాభమో వ్రాసియుండును. నడుమ బోనసు వాటాలు పంచినచో, లేక ఒక వాటాను రెండుగా విభజించినచో, పాత యంకెలను ఆ మేరకు తగ్గించుకొనవలెను. ఒకటికి ఒకటి చొప్పున బోనసు ఇచ్చినచో పాత లాభము సగమగును. ఇది మరచినచో లెక్కంతయు చెడును.

రెండవది: పాత రూపాయలను నేటి రూపాయలుగా మార్చితివా? ప్రభుత్వము వినియోగదారుల ధరల సూచికను నెలనెలా ప్రకటించుచున్నది. పాత లాభమును నేటి సూచికచే గుణించి, నాటి సూచికచే భాగించిన చాలును. ఒకే శ్రేణికి చెందిన సూచికలను వాడవలెను.

మూడవది: పదేండ్లనాటి కంపెనీయు నేటి కంపెనీయు ఒక్కటేనా? నాడు బట్టలు నేసి నేడు విద్యుత్తు నమ్ముచున్నచో, పాత సగటు నేటి వ్యాపారమునకు సాక్ష్యము చెప్పదు. పుట్టి మూడేండ్లయిన కంపెనీకి అసలు సగటే లేదు. అట్టిచోట, లెక్కకు అందని సాహసము చేయుచున్నామని తెలిసియే, పోయినను సంసారము కుంటుపడని కొద్దిపాటి సొమ్ము మాత్రమే పెట్టవలెను.

ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు కూర్చుటకు ఒక సాయంకాలము పట్టును. కాగితము, కలము, నాలుగు విధములైన లెక్కలు తప్ప వేరు పరికరము అక్కరలేదు. తరతరములుగా నిలిచిన పొలమును అమ్మి తెచ్చిన సొమ్మునకు ఒక సాయంకాలము అధికము కాదు. లెక్క చూచిన పిమ్మట కుమారుడు చెప్పినదే సరియైనదని తేలవచ్చును. అప్పుడు సంతోషముగా కొనవచ్చును. చేను కొనునపుడు పది పంటలను విచారించు మీరు, వాటా కొనునపుడును అట్లే విచారింపవలెనని కోరుచు, ఈ ప్రసంగమును ఇంతటితో ముగించుచున్నాను.