ప్రళయకావేరి కోట చెప్పని పేర్లు



నేను పొన్నేరి ప్రాంతపు తెలుగింటివాడిని. అరవంలో పళవేర్కాడు, ఇంగ్లీషువారి నోట పులికాట్ అయిన ఊరిని మా ఇంట ప్రళయకావేరి అనేవారు. ఆ రేవు కథ నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మిరియాలు, లవంగాలు, జాజికాయలు పండే తూర్పు దీవులవారు వాటికి బదులుగా మన అద్దకపు బట్టలు కోరేవారు. అందుకే పడమటి వర్తకులకు ఈ రేవు కావలసివచ్చింది. పోర్చుగీసువారు ముందే వచ్చి స్థిరపడ్డారు. 1610లో వలందావారు, అనగా డచ్చివారు, వెంకటపతిరాయల అనుమతితో ఇక్కడ వర్తకశాల పెట్టుకున్నారు. 1612లో శాంతోమునుండి పోర్చుగీసువారు వచ్చి దానిని నేలమట్టం చేశారు. మరుసటి ఏటికి అక్కడ గెల్డ్రియా కోట లేచింది. స్థానిక నాయకుడు ఎతిరాజు ముట్టడిని, పోర్చుగీసు దాడిని అది తట్టుకున్నది. 1690లో కేంద్రం నాగపట్టణానికి తరలేవరకు కోరమాండల్ తీరంలో డచ్చివారి వ్యవహారమంతా ఇక్కడినుండే నడిచింది. ఇంగ్లీషువారు 1781లో ఒకసారి, 1795లో మరొకసారి దానిని పట్టుకున్నారు. 1818లో తిరిగి ఇచ్చి, 1824 నాటి ఒప్పందం మేరకు 1825లో శాశ్వతంగా పొందారు.

ఇన్ని పోరాటాలూ బట్టకోసమే. ఆ బట్టను నేసిందెవరు? చిరివేరుతో ఎర్రరంగు అద్దిందెవరు? బేరం కుదిర్చిన పెద్ద వర్తకులలో తెలుగు బలిజలైన అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న ఉన్నారు. డచ్చివారి కాగితాలలో వారి పేర్లు మిగిలాయి. మగ్గం ముందు కూర్చున్నవారి పేర్లు మాత్రం దాదాపుగా మిగలలేదు.

మనకు గర్వమొక్కటే కాదు, దుఃఖమూ ఉండాలి. ఇదే రేవునుండి కరవుకాలాలలో ఆకలికి అమ్ముడుపోయిన మనుషులను బానిసలుగా ఓడలెక్కించి బటావియాకు పంపారు. వారి పేర్లు అడిగేవారే లేకపోయారు.

నేడు కోట శిథిలమైంది. డచ్చివారి శ్మశానం నిలిచి ఉన్నది. వాకిట రాతి అస్థిపంజరాలు కావలి కాస్తున్నవి. సమాధులపై చక్కని అక్షరాలు చెక్కి ఉన్నవి. వాటిముందు నిలిచిన ప్రతిసారి నాకొక్కటే తోస్తుంది: గెలిచినవాడు, ఓడినవాడు కూడా తన భాషలో తన పేరు వ్రాసుకొని పోయాడు. మనం వ్రాసుకోలేదు.

1960 ఏప్రిల్ 1న మద్రాసు, ఆంధ్ర రాష్ట్రాల మధ్య సరిహద్దులు సవరించినపుడు సత్యవేడు అటు పోయింది, పొన్నేరి ఇటే నిలిచింది. సరస్సులో అధికభాగం ఆంధ్రలో, రేవు తమిళనాట ఉన్నవి. అరవసోదరులతో మనకు తగవు లేదు; ఒకే నీటిలో వల వేసినవారము. మన ఇంటిమాట మన పిల్లలకు అందాలన్నదే మన కోరిక.

కనుక నా విన్నపమొక్కటే. ఇంటికి వెళ్ళగానే ఒక నోటుపుస్తకం తెరవండి. మీ అవ్వను కూర్చోబెట్టి నేతమాటలు, పడవమాటలు, చేపల పేర్లు, తాతముత్తాతల పేర్లు అడగండి. పిల్లలచేత తెలుగులో వ్రాయించండి. కోట చెప్పని పేర్లను ఆ పుస్తకమైనా చెప్పనివ్వండి.

సెలవు.