భీమిలి ఎఱ్ఱమట్టి దిబ్బలు



యాత్ర యనగానే మనకు గుడియు, గోపురమును, పుణ్యనదియు జ్ఞప్తికి వచ్చును. నేడు మేము గుడిలేని యొక యాత్రను గూర్చి చెప్పదలచితిమి. దీనికి వ్యయము స్వల్పము. శ్రమ యంతకంటె స్వల్పము. వృద్ధులును, పిల్లలును మెల్లగా నడచి పోవచ్చును.

విశాఖపట్టణమునకు ఈశాన్యమున, గోస్తనీనది సముద్రమున గలియు చోట భీమునిపట్నము గలదు. మన పెద్దలు వలందులని పిలిచిన డచ్చి వర్తకు లొకప్పు డిచ్చట వ్యాపారము సాగించిరి. వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. 1861లోనే పురపాలక సంఘ మేర్పడిన ఊరిది.

ప్రొద్దు పొడుచు వేళ ఇచ్చటినుండి బయలుదేరి తీరము వెంట నైరుతి దిక్కుగా నడువవలెను. తడి యిసుక పాదమునకు గట్టిగా నుండును. ఎడమవైపున సముద్రము, ఒడ్డున జాలరుల పడవలు, ఆరవేసిన వలలు. ఇంచుమించు 4 కిలోమీటర్లు సాగిన పిమ్మట, కుడివైపున, బాటకు ఆవల ఎఱ్ఱని దిబ్బలు కానవచ్చును.

లోనికి అడుగిడినంతనే సముద్రఘోష సన్నగిల్లును. ఇరుప్రక్కల నిలువెత్తుకు అనేక రెట్లు ఎఱ్ఱమట్టి గోడలు. నడుమ వంకరలు తిరుగు సన్నని లోయలు. చెట్టుకొమ్మలవలె ఒక లోయనుండి వేఱొక లోయ చీలుచుండును.

ఇవి యెట్లేర్పడినవి? వేలకొలది సంవత్సరములక్రిందట, భూమిపై మంచు మిక్కిలి పేరుకొనిన కాలమున, సముద్రమట్టము నేటికంటె వంద మీటర్లకు పైగా దిగిపోయెను. బయటపడిన యిసుకను గాలి మోసి తెచ్చి తీరమున కుప్పవోసెను. ఇసుకరేణువులపై ఇనుపధాతువు తుప్పువలె పట్టుటచే ఎఱుపు వచ్చినది. వర్షజలము గెడ్డలై పాఱి, ఆ కుప్పలను కోసి లోయలు చేసినది. ఇట్టి ఎఱ్ఱ యిసుకమేటలు తమిళనాటను, సింహళమునను గూడ గలవు.

విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1886లో వీనిని గూర్చి వ్రాసెను. భారత భూగర్భ పరిశోధన సంస్థ 2014లో దీనిని భూవారసత్వ స్థలముగా గుర్తించెను. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో దీనికి చోటు లభించినది.

అయినను గౌరవము కట్టగోడ కాజాలదు. గాలియు నీరును వేలయేండ్లు పనిచేసి నిలిపిన దిబ్బను యంత్ర మొక్క దినమున చదును చేయగలదు. పోయిన దిబ్బను మరల పోయు కూలీ లేడు. కావున అంచులపై కెక్కరాదు. మట్టిని త్రవ్వరాదు, మోసికొని పోరాదు. వాన కురియునప్పుడు లోయలలో నిలువరాదు.

రైతుసోదరులకు మఱియొక మాట. ఈ లోయలు కూడ మొదట వ్రేలెడు వెడల్పుగల నీటిచాళ్లే. మీ మెట్టచేలలో తొలకరికి ఏర్పడు చాళ్లును అట్టివే. వానిని ఆ యేటనే గట్టు వేసి, రాళ్లు పేర్చి, గడ్డి నాటి ఆపుడు. వాలునకు అడ్డముగా దున్నుడు. ఉపేక్షించితిమేని మన బిడ్డలకు చేను మిగులదు, గండి మిగులును. భీమిలిలో ఆ కోత ప్రకృతి చెక్కిన శిల్పము. మన చేనిలో నైనచో అది మన యేమరుపాటు.

ఒక సెలవుదినమున పిల్లలను వెంటబెట్టుకొని ఈ దిబ్బలను చూచి రండు. తిరిగి వచ్చిన మరునాడు మీ చేని గట్టున నొకసారి నడువుడు. రెండు నడకలును కలిసిననే యాత్ర ఫలించినట్లు.