టీవీలో యాప్ తెరుచుకోకపోతే – నా అనుభవం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును స్మరించుకుని మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాము. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దానిని గురించి నాకంటే బాగా చెప్పగల వక్తలు ఇక్కడ ఉన్నారు. నేను మాట్లాడబోయేది ఆ పింఛను సొమ్ములో కొంత నా చేతులారా ఎట్లా పోగొట్టుకున్నానన్న సంగతి. "టీవీలో యాప్ రాకపోతే ఏం చేయాలి" అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. సర్వీసులో ఉండగా టైపు మిషను తప్ప మరో యంత్రం ముట్టని నన్ను ఈ విషయం మీద మాట్లాడమన్నారంటే, దాని వెనుక కథ వారికి తెలుసు కనుకనే.

నేను 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సరిగ్గా ఒక్క ఏడాది, 'సైట్' అనే పేరుతో అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించారు. మన వయసు వారికి అది గుర్తుండవచ్చు. ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలు. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఊరికొక పెట్టె, దాని ముందు ఊరంతా. బొమ్మ రాకపోతే అందరికీ రానట్టే. దాన్ని బాగుచేయడానికి మనిషి వచ్చేవాడు. మన పని కూర్చుని ఎదురుచూడడమే.

ఇప్పుడు యాప్‌లో సినిమా రావడం అట్లా కాదు. ఆకాశం నుంచి అందరి మీదా ఒక్కసారిగా కురిసే వాన కాదది. మీ టీవీ ఒక దరఖాస్తు పెట్టుకుంటుంది: "నేను ఫలానా ఇంటి టీవీని, ఫలానా సినిమా ఇప్పించవలసినది" అని. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు ఆ దరఖాస్తు చూస్తుంది, చందా కట్టారా లేదా చూస్తుంది, తరువాత సినిమాను కొన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. టీవీ ఆ ముక్కలను ముందుగా కొన్ని పోగుచేసుకుని ఒక్కొక్కటే చూపిస్తుంది. బావి నీళ్ళు తొట్టిలోకి తోడి, తొట్టి నుంచి మడికి వదిలినట్లు. తోడడం ఆలస్యమై తొట్టి ఎండితే అప్పుడు తెర మధ్యన ఆ గుండ్రటి చక్రం తిరుగుతుంది. దరఖాస్తే వెనక్కి వచ్చినా కొన్నిసార్లు అదే చక్రం. చూడడానికి రెండూ ఒక్కటే, కారణాలు వేరు. ఇది నాకు ముందే తెలిసి ఉంటే ఈ రోజు ఈ ప్రసంగం ఉండేది కాదు.

గత వేసవిలో మా ఇంటావిడకు మోకాలి ఆపరేషన్ జరిగింది. మూడు నెలలు గడప దాటలేదు. ఆమెకు కాలక్షేపం పాత తెలుగు సినిమాలు. మా అబ్బాయి ఒక యాప్‌కు ఏడాది చందా కట్టి, టీవీలో పెట్టి పోయాడు. మధ్యాహ్నం భోజనమైన తరువాత ఒక సినిమా, సాయంత్రం సగం సినిమా; అట్లా గడుస్తున్నది. ఒకనాడు గాలివాన వచ్చి న్యాల్‌కల్‌లో రాత్రంతా కరెంటు లేదు. తెల్లవారి కరెంటు వచ్చింది, ఇంటర్నెట్ డబ్బా లైట్లు వెలిగాయి, టీవీ వెలిగింది, యాప్ మాత్రం తెరుచుకోలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. ఆపి వేశాను, మళ్ళీ ఆపి వేశాను. రిమోటు బ్యాటరీలు మార్చాను (దానికీ దీనికీ సంబంధం లేదని ఇప్పుడు తెలుసు). "వస్తలేదా? పోనియ్, ఇడిసెయ్" అన్నది మా ఆవిడ. ఆ మాట విని ఊరుకున్నా బాగుండేది.

నేను ఫోన్ తీసి ఆ యాప్ పేరు, పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని కొట్టి వెతికాను. మొదట కనబడిన నంబరుకు చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు. నిజమైన కంపెనీ వాళ్ళు ఒక్క రింగుకు ఎత్తరన్న అనుమానం అప్పుడే రావలసింది! "నమస్తే అంకుల్" అని ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మీ చందా లాక్ అయింది, తెరవాలంటే ఐదు రూపాయలు కట్టాలి, అవి కూడా వాపసు వస్తాయన్నాడు. నాకు చేతకాదంటే, ఒక యాప్ ఎక్కించుకోండి, నేనే చూసి చెబుతానన్నాడు. ఎక్కించాను. అది నా ఫోన్ తెరను అక్కడ కూర్చున్న వాడికి ఉన్నదున్నట్లు చూపించే యాప్. ఐదు రూపాయలకని పిన్ను కొట్టాను. వచ్చిన ఓటీపీలు నేను చెప్పనవసరమే లేకపోయింది, వాడికే కనబడుతున్నాయి. పది నిమిషాల్లో ఒకసారి 24,000, ఇంకోసారి 18,500 పోయాయి. మొత్తం 42,500. మా ఆవిడ కాలికి కసరత్తు చేయించే అతనికి, మందులకు అని విడిగా ఉంచిన సొమ్ము అది.

ఇక్కడ నేను చేసిన అసలు తప్పు చెబుతాను. ఫోన్ పెట్టేసి, మెసేజీలు చూసుకుని, జరిగింది అర్థమైన తరువాత కూడా నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు కాలేదు. బ్యాంకు తెరిచే ఉంది. అబ్బాయి ఫోన్‌కు అందుతాడు. నేను పెరట్లో కూర్చున్నాను. ముప్పై ఐదేళ్ళ సర్వీసులో నా ఫైలు మీద ఒక్క మెమో లేదని చెప్పుకునేవాణ్ణి. ఇతరుల లెక్కల్లో తప్పు పట్టి ఎర్ర సిరాతో గీత గీసినవాణ్ణి. ఐదు రూపాయలు వాపసు వస్తాయన్న మాట నమ్మానని కొడుక్కి ఏ నోటితో చెప్పను? రాత్రి అన్నం సహించలేదు. కరెంటు లేక నిద్ర లేదు, అందుకే నీరసం అని ఇంట్లో అబద్ధం చెప్పాను.

మరునాడు ఉదయం హైదరాబాదులో చదువుకుంటున్న మా మనుమరాలు నాయనమ్మను పలకరించడానికి ఫోన్ చేసింది. "తాతా, టీవీ అస్తుందా?" అనడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు నాకు గొంతు పూడుకుపోయింది. మొత్తం చెప్పాను. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. "తాతా, ముందుగాల ఫోన్ల ఇంటర్నెట్ బంద్ చెయ్యి. ఆ యాప్ తీసెయ్. 1930కి ఫోన్ కొట్టు, నేను లైన్ల ఉంట" అన్నది.

1930 అనేది సైబర్ నేరాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబరు. వాళ్ళు అడిగేవి: మీ పేరు, బ్యాంకు, సొమ్ము పోయిన సమయం, మెసేజీలో ఉన్న లావాదేవీ నంబరు. ఈ వివరాలు వెంటనే ఆయా బ్యాంకులకు పోతాయి. సొమ్ము మోసగాడి ఖాతాలోనో, వాడు మార్చిన మరో ఖాతాలోనో ఇంకా ఉంటే అక్కడే ఆపివేస్తారు. వాడు తీసేసుకుంటే ఆపడానికి ఏమీ ఉండదు. అందుకే మొదటి గంట, రెండు గంటలు అంత ముఖ్యం. నేను ఇరవై గంటలు పెరట్లో కూర్చున్నాను. నా సొమ్ములో 11,200 రూపాయలు మాత్రం ఒక ఖాతాలో దొరికి ఆగాయి; కొన్ని నెలల తరువాత, కాగితాలన్నీ అయినాక, తిరిగి జమ అయ్యాయి. మిగిలిన 31,300 పోయినట్టే. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే చోట కూడా ఫిర్యాదు రాయించాము, బ్యాంకులో లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్నాము. రసీదు లేని దరఖాస్తు దరఖాస్తు కాదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఒకటి మనం తెలుసుకోవాలి. మన పొరపాటు గాని, బ్యాంకు పొరపాటు గాని లేకుండా మూడో వ్యక్తి వల్ల సొమ్ము పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపినప్పుడు నష్టం మనది కాదు. పిన్ను, ఓటీపీ వంటివి మనమే చేతికిచ్చిన సందర్భంలో, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయినది మనది. తెలియజేసిన తరువాత పోయినది బ్యాంకుది. నా కేసు రెండో రకం. కాబట్టి అపీలుకు వెళ్ళలేదు.

ఇంతకీ టీవీ సంగతి. అన్నీ అయిన తరువాత ఆ సాయంత్రం మనుమరాలు వీడియో కాల్‌లో, "తాతా, నీ ఫోన్ల వైఫై మీద వీడియోలు అస్తున్నయా?" అనడిగింది. వస్తున్నాయి. "అయితే లైన్ మంచిగనే ఉన్నది, తప్పు టీవీలనే ఉన్నది. సెట్టింగులకు పోయి తారీఖు చూడు" అన్నది. చూశాను. 1970 జనవరి 1 అని ఉంది. నేను ఉద్యోగంలో చేరకముందటి తేదీ!

దాని వివరం ఇది. కొన్ని టీవీలకు, టీవీ డబ్బాలకు లోపల గడియారం నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే తేదీ మరచిపోతాయి. కంప్యూటర్ల లెక్కలో చాలావాటికి కాలం 1970 జనవరి 1తోనే మొదలవుతుంది, అందుకని అక్కడికి పోతాయి. మామూలుగా ఇంటర్నెట్ రాగానే తేదీ అదే సర్దుకుంటుంది. మా టీవీలో 'ఆటోమేటిక్' అన్నది ఎవరో ఆపి ఉంచారు; చిన్న మనుమడి మీద నా అనుమానం. సరే, తేదీ తప్పయితే సినిమా ఎందుకు రాదు? మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము కదా, అట్లాగే ఆ పెద్ద కంప్యూటరు కూడా మన టీవీకి ఒక సర్టిఫికెట్ చూపించాలి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని. 1970లో ఉన్న టీవీ దాన్ని చూసి, ఇది ఇంకా అమలులోకి రాలేదు పొమ్మంటుంది. తప్పు పట్టలేము, నేనైనా ఆ ఫైలు వెనక్కి పంపేవాణ్ణే. ఆటోమేటిక్ అని నొక్కి, టీవీ ఒకసారి ఆపి వేస్తే సినిమా వచ్చింది. రెండు నిమిషాలు పట్టింది.

అప్పటి నుంచి చక్రం తిరిగితే నేను ఒక వరుసలో చూస్తున్నాను. మొదట అదే టీవీలో ఇంకో యాప్ వస్తున్నదా? వస్తే లైనులో లోపం లేదు, ఆ ఒక్క యాప్‌లోనే. ఏదీ రాకపోతే ఫోన్‌ను అదే వైఫై మీద పెట్టి చూడాలి. అందులోనూ రాకపోతే ఇంటర్నెట్ డబ్బా దగ్గరికి పోవాలి. 'లాస్' అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగితే బయట తీగ తెగినట్టు, మనం చేసేదేమీ లేదు, కేబుల్ అతనికి చెప్పాలి. ఎర్ర లైటు లేకపోతే ప్లగ్గు తీసి, ఒక నిమిషం ఆగి పెట్టాలి. ఆ నిమిషం నిజంగా ఆగాలి. లైను బాగుండి టీవీలో ఏదీ రాకపోతే తేదీ చూడండి.

ఒక్క యాప్ మాత్రమే మొండికేస్తే, సెట్టింగుల్లో ఆ యాప్ పేరు మీదికి పోయి 'ఫోర్స్ స్టాప్', తరువాత 'క్లియర్ క్యాషే' నొక్కవచ్చు. దానివల్ల నష్టం లేదు, బల్ల మీది చిత్తు కాగితాలు ఊడ్చినట్టే. పక్కనే ఉండే 'క్లియర్ డేటా' మాత్రం బీరువా ఖాళీ చేయడం. మళ్ళీ పేరు, పాస్‌వర్డు అడుగుతుంది, కాగితం మీద రాసి ఉంటేనే నొక్కండి. యాప్ అప్‌డేట్ ఉంటే చేయాలి. చోటు నిండిపోయినా యాప్‌లు సతాయిస్తాయి. ఫోన్లలో చోటు దేనితో నిండుతుందో నేను వేరే చెప్పాలా? మనం పొద్దున్నే ఒకరికొకరం పంపుకునే శుభోదయం పూలే సగం. ఒకే చందా మీద పిల్లలు వేరే ఊళ్ళలో చూస్తుంటే మన వంతు రాకపోవచ్చు. ఇవన్నీ సరిగా ఉండి రాకపోతే కంపెనీ కంప్యూటరే పడుకుని ఉంటుంది, గంట ఆగాలి.

ఫోన్ డేటా మీద చూసేవారికి ఒక లెక్క: మామూలు నాణ్యతలో గంటకు సుమారు 1 జీబీ, మంచి నాణ్యతలో 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్నవారికి సినిమా ఇంటర్వెల్‌కు చక్రం రావడం లోపం కాదు. కర్ణాటక సరిహద్దు గ్రామాల వారికైతే ఫోన్ అవతలి బీదర్ వైపు టవరును పట్టుకుని వేళ్ళాడుతుంటుంది. ఇంట్లో రెండు మూడు చోట్ల నిలబడి చూడండి.

సహాయం కావాలంటే నంబరు ఆ యాప్ లోపలి 'హెల్ప్' లోనే చూడాలి, వెతికి పట్టుకోవద్దు. పిన్ను అనేది సొమ్ము ఇవ్వడానికే, తీసుకోవడానికి దానితో పని లేదు. పిల్లలు కూడా సభలో ఉన్నారు కనుక వారికి ఒక మనవి. మేము అడిగినదే మళ్ళీ అడుగుతాము. "నిన్ననే చెప్పిన కదా" అని మీరు విసుక్కుంటే, మూడోసారి మిమ్మల్ని అడగము. ఆ మర్యాదస్తుడికి ఫోన్ చేస్తాము.

మా ఇంటావిడకు వారం తరువాత చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పైసలు పోతే పోయినయి. ఆ దినమంత నువ్వు ఒక్కనివే కూసున్నవు, నాకెందుకు చెప్పలే?" అన్నది. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కసరత్తు అతనికి అబ్బాయి పంపిన సొమ్ముతో ఇచ్చాము. ఆమె ఇప్పుడు కర్ర లేకుండా గుడి దాకా నడుస్తున్నది.

సభ ముగిశాక భోజనాల వేళ నేను ద్వారం పక్క బల్ల దగ్గర ఉంటాను, మనుమరాలు కూడా వచ్చింది. మీ ఫోన్లు తీసుకుని రండి. తెర చూపించే యాప్‌లు ఏమైనా ఉంటే తీసివేసి, 1930 నంబరు ఎక్కించి ఇస్తాము. పిన్నులు మాకు చెప్పవద్దు. సెలవు.