తోటివాని చేతిలో నిప్పు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి పెద్దలు ఇంతకుముందే వివరంగా చెప్పారు. మేము ఎత్తుకున్నది వాటి ముందు చిన్న విషయంలాగా కనబడవచ్చు. అది నిప్పు. మన ఇంటి పొయ్యిలో నిప్పు సంగతి కాదు. మనవాడొకడు పరాయి ఊళ్ళో ఇంకొకడితో కలిసి గదిలో ఉంటున్నాడు, ఆ రెండోవాడికి నిప్పంటే లెక్కలేదు. ఇక్కడ కూర్చున్న మనకు దిగులు. అటువంటప్పుడు ఏమి చేయాలి అన్నదే ప్రశ్న.

రామాపురం చుట్టుపక్కల, బాపట్ల, రేపల్లె వైపు పల్లెలలో తాటాకు ఇళ్ళ మధ్య పెరిగినవారికి ఈ భయం కొత్తది కాదు. ఎండాకాలం వడగాలి లేచిందంటే ఒక ఇంటి నిప్పురవ్వ వరుస మొత్తాన్ని తినేస్తుంది. అందుకనే గాలి లేవకముందే వంట ముగించి పొయ్యి ఆర్పమని పెద్దవాళ్ళు కోడళ్ళను తొందరపెట్టేవారు. బీహారు ప్రభుత్వం 2016 ఏప్రిల్‌లో, పల్లెలలో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పొయ్యి వెలిగించవద్దని చెప్పింది. అది విని కొందరు నవ్వారు గాని, తాటాకు కింద బతికినవాళ్ళెవరూ నవ్వి ఉండరు. ఆ వరుస ఇళ్ళలో ఒక మంచి ఆచారం ఉండేది. ఎవరి పొయ్యి ఎవరైనా చూడవచ్చు. "ఏమమ్మా, నిప్పు ఆర్పావా?" అని పక్కింటావిడ అడిగితే ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఇప్పుడు డాబాలు వచ్చాయి, గదులు వచ్చాయి, తలుపులు వచ్చాయి. అడిగే హక్కు మాత్రం పోయింది.

మా మిత్రుడు ఒకాయన కువైట్‌లో డ్రైవరు. పేరు అవసరం లేదు. నలుగురు కలిసి ఒక గదిలో ఉంటారు. ఆ నలుగురిలో ఒకడు మిత్రునికి స్వయాన మేనమామ కొడుకు. మనిషి మంచివాడే. నమాజు తప్పడు, ఇంటికి డబ్బు పంపడం తప్పడు. కాని టీ గిన్నె పొయ్యి మీద పెట్టి మంచమెక్కుతాడు. నిద్రపట్టేదాకా పడుకునే సిగరెట్టు కాలుస్తాడు. ఒకే ప్లగ్గుకు ఇస్త్రీపెట్టె, కూలరు, రెండు ఫోన్లు తగిలిస్తాడు. గిన్నె మాడిన వాసనకు మా మిత్రుడు లేచి ఆర్పిన రాత్రులు చాలా ఉన్నాయి. ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు లేచేవాళ్ళెవరు?

"గట్టిగా చెప్పరాదా భాయీ?" అని ఫోనులో అడిగాము. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు వీసా ఇప్పించింది ఆయనే గదా, భాయీ. ఎట్లా చెప్పేది?" అన్నాడు. అయ్యలారా, చిక్కు అంతా ఇక్కడ ఉంది. గది మారదామంటే అద్దె, పైగా బంధుత్వం. నోరెత్తితే మేలు మరచినవాడు అంటారు. ఇక్కడ ఆయన భార్య రాత్రి పన్నెండింటికి ఫోను చూసుకుంటుంది, మళ్ళీ నాలుగింటికి చూసుకుంటుంది.

ఇది ఆడవాళ్ళ పిరికితనం అనేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాము. 2024 జూన్ 12న తెల్లవారుజామున కువైట్‌లో మంగాఫ్ అనే చోట కార్మికులు ఉండే భవనంలో మంటలు లేచాయి. అందులో 190 మందికి పైగా ఉంటున్నారు. కింది అంతస్తులో కాపలాదారు గదిలో కరెంటు వల్ల నిప్పు పుట్టిందని అక్కడి అధికారులు చెప్పారు. మంట అందరి దాకా పోలేదు, పొగ పోయింది. మేడ మీదికి పరుగెత్తినవారికి తలుపు తాళం వేసి ఉంది. కనీసం 45 మంది భారతీయులు పోయారు. జూన్ 14న మన వైమానిక దళం విమానంలో వారి శవపేటికలు కొచ్చిన్‌కు వచ్చాయి. వారిలో ముగ్గురు మన ఆంధ్రావాళ్ళు. పైన నిద్రపోతున్నవారిలో ఏ ఒక్కరూ చేసిన తప్పు కాదు అది. కింద ఎక్కడో, ఇంకెవరిదో గది.

కాని నిప్పు ప్రమాదం పరదేశంలోనే ఉంటుందని అనుకోవద్దు. 2022 ఏప్రిల్ 23న విజయవాడలో ఒకాయన కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీని పడకగదిలో ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు. తెల్లవారేసరికి అది పేలింది. ఆయన చనిపోయారు, భార్యాపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. 2025 మే 18న హైదరాబాదులో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయారు. కింద దుకాణాలు, పైన కాపురం, దిగడానికి ఇరుకైన మెట్లు. మన తెనాలి బజారులో అటువంటి మేడలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎందరు కుర్రవాళ్ళు గదులు పంచుకుని చదువుకుంటున్నారో మీకే తెలుసు.

నిద్రపోయే మనిషిని పొగ వాసన లేపుతుందని చాలామంది ధీమా. లేపదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు వాసనే లేదు. అది నిద్రను ఇంకా గాఢం చేస్తుంది. దూదిపరుపులో పడ్డ సిగరెట్టు నిప్పు మంట లేకుండా గంటల తరబడి రాజుకుంటుంది. స్పాంజి పరుపయితే నిమిషాలలో గదిని విషపు పొగతో నింపుతుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే నేలమీద పరుచుకుంటుంది, అంటే నేలమీద పడుకున్నవాడి దగ్గరికే ముందు చేరుతుంది. వాసన వస్తే స్విచ్చి వేయనూ కూడదు, తీయనూ కూడదు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, బయటికి వచ్చిన తరువాతే ఫోను చేయాలి. ఇక్కడ గ్యాసుకు 1906, నిప్పుకు 101. కువైట్‌లో 112, సౌదీలో 998, దుబాయిలో 997. ఇవి మన ఆడవాళ్ళకు కూడా నోటికి రావాలి. ఎందుకంటే అవతలివాడు కంగారులో ముందు ఇంటికే ఫోను చేస్తాడు.

నిద్రపోయేముందు ఇంట్లో నిప్పు ఆర్పమని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించినట్లు హదీసులలో ఉన్నది. మదీనాలో ఒక ఇల్లు రాత్రిపూట కాలిపోయిన సందర్భం కూడా వాటిలో ఉంది. పడవ సంగతి అందరికీ తెలిసినదే. కింది భాగంలో ఉన్నవాళ్ళు తమ వాటాలో రంధ్రం చేసుకుంటామంటే పైవాళ్ళు చూస్తూ ఊరుకుంటే అందరూ మునుగుతారు. పంచుకున్న గది కూడా అటువంటి పడవే. "నా మంచం మీద నా సిగరెట్టు, నీకేమి?" అనే మాట చెల్లదు.

ఇక చెప్పడం ఎట్లా? మేము ఒక దారి పట్టాము. మా మిత్రుని చేత చెప్పించలేదు. ఆ మేనమామ కొడుకు తల్లి ఇక్కడే ఉన్నది, డెబ్బై ఏళ్ళ ముసలమ్మ. ఇద్దరం పెద్దవాళ్ళం వెళ్ళి కూర్చున్నాము. కొడుకు మీద ఫిర్యాదులాగా చెప్పలేదు. మంగాఫ్ సంగతి చెప్పి, "అమ్మీజాన్, మీ అబ్బాయి గదిలో పొయ్యి ఎక్కడుందో ఒకసారి అడగండి" అన్నాము. ఆమె ఆ రాత్రే అడిగింది. తల్లి అడిగితే అహం అడ్డురాదు. వారంలో పొయ్యి గదిలోనుంచి వంట వసారాలోకి పోయింది. సిగరెట్టు పోలేదు. దానికి మేము మిత్రునితో ఒక పొగ గంట కొనిపించాము. పొగ తగలగానే అరిచే చిన్న డబ్బా, పెద్ద ఖరీదు కాదు. మొదటి వారంలోనే రెండుసార్లు అరిచిందట, మంచం మీది సిగరెట్టుకే. మిగతా ఇద్దరూ లేచి తిట్టారట. మిత్రుడు చెప్పలేని మాట ఆ డబ్బా చెప్పింది. ఒకే ప్లగ్గుకు అన్నీ తగిలించే అలవాటు మాత్రం ఇంకా మిగిలే ఉన్నది.

అన్ని చోట్లా ఇంత సులువుగా జరగదు. తల్లి లేనివాడు ఉంటాడు, ఎవరిమాటా విననివాడు ఉంటాడు. అటువంటప్పుడు గది మారడమే మార్గం. దానికి అడ్డం వచ్చేది రెండు నెలల అద్దె అడ్వాన్సు అయితే, ఆ డబ్బు అప్పుగా ఇవ్వడానికి మన సంఘం నిధి లేదా? పెళ్ళిళ్ళకు ఇస్తున్నాము, జబ్బులకు ఇస్తున్నాము. జబ్బు రాకముందు ఇస్తే తప్పేమిటి?

కనుక కార్యవర్గానికి మా మనవి. పరదేశం పోయే ప్రతి కుర్రవాడికి మనం పూలదండ వేసి పంపుతాము గదా, ఆ దండతోపాటు ఒక పొగ గంట కూడా చేతిలో పెడదాము. గదిలో ఇబ్బంది ఉన్నవారి తరఫున వెళ్ళి మాట్లాడడానికి పెద్దలు ఇద్దరిని నియమించండి. వారిలో ఒకరుగా వెళ్ళడానికి మేము సిద్ధం. ఈ మాటను వచ్చే కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.